పీసీఓడీ: ముందు క్యాలెండర్ తీసి చూడమ్మా

హైదరాబాద్ నిజాంపేటలో ఉండే 24 ఏళ్ల అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఐటీ ఉద్యోగం, వారం మార్చి వారం నైట్ షిఫ్ట్. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 72 కిలోలు. పీరియడ్స్ 50, 60 రోజులకోసారి వస్తాయి, పోయిన ఏడాది మొత్తం మీద ఆరుసార్లే వచ్చాయి. గడ్డం కింద వెంట్రుకలు, పదిహేను రోజులకోసారి త్రెడింగ్. స్కాన్‌లో "రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలు, పీసీఓడీ" అని రాశారు. ఒక డాక్టరు మూడు నెలలకు హార్మోన్ గోళీలు ఇచ్చారు, లావైపోతావని స్నేహితురాలు అంటే మానేసింది. జిమ్ ట్రైనర్ అన్నం ముట్టుకోవద్దన్నాడు. అమ్మ మాత్రం "పెళ్ళైతే అదే సర్దుకుంటది బిడ్డా" అంటోంది. సంబంధాలు చూస్తున్నారు. బుడగలు ఎప్పటికి కరుగుతాయి, పిల్లలు పుడతారా, అబ్బాయికి చెప్పాలా అని అడిగింది.

నేను గైనకాలజిస్టుని. ముప్ఫై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. సగం సర్వీసు సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో, ఇప్పుడు సాయంత్రాలు సొంత క్లినిక్. నా చిన్న కూతురి వయసు నీది, నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

నువ్వు ప్రశ్న మొదలుపెట్టింది స్కాన్‌తో. నేను ముగ్గురు నలుగురిలో ఒకరి చేతిలో చూసేదీ అదే, ఒక ఫైలు నిండా స్కాన్లు. మొన్న ఒకమ్మాయి రెండేళ్లలో తీయించిన అయిదు స్కాన్లు బల్ల మీద వరసగా పేర్చింది. "మేడమ్, మార్చిలో కుడి వైపు అండాశయం 11 సీసీ ఉండె, ఇప్పుడు 13 అయింది, పెరుగుతున్నయా?" అని అడిగింది. మీ డేట్ ఎప్పుడెప్పుడు వచ్చిందమ్మా అంటే తెల్లమొహం వేసింది. ఫోన్లో కూడా రాసుకోలేదు. అయిదు స్కాన్ల ఖర్చు పెట్టిన పిల్ల దగ్గర, పైసా ఖర్చు లేని ఆ ఒక్క లెక్కా లేదు.

నీకు ఆ లెక్క ఉంది. ఏడాదికి ఆరు. అది చాలు నాకు. ఈ సమస్య ఉందా లేదా తేల్చడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి 2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో డాక్టర్ల సమావేశంలో కుదిరింది. మూడింట్లో రెండు ఉండాలి. ఒకటి, అండం సరిగా విడుదల కాకపోవడం, అంటే డేట్ 35 రోజులు దాటి రావడం లేదా ఏడాదికి ఎనిమిది కంటే తక్కువ రావడం. రెండు, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు, అంటే గడ్డం, పై పెదవి, పొట్ట మీద ముతక వెంట్రుకలు, లేదంటే రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉండటం. మూడోది స్కాన్. నీకు మొదటి రెండూ ఉన్నాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) లాంటివి కారణం కాదని తేలితే, స్కాన్ తీయకుండానే నీకిది ఉన్నట్టు. స్కాన్ తీసినా కొత్తగా తెలిసేదేమీ లేదు.

దీనికి తిరగేసిన కేసు కూడా చూస్తాను. పదహారేళ్ల పిల్ల, కడుపునొప్పికి స్కాన్ తీస్తే బుడగలు కనపడతాయి, నెలనెలా డేట్ తప్పకుండా వస్తూనే ఉంటుంది, అయినా ఇంట్లో అందరూ పీసీఓడీ అని ఏడుస్తుంటారు. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు స్కాన్ చూసి ఈ పేరు పెట్టొద్దని ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు తెగేసి చెప్పాయి. ఆ వయసులో బుడగలు మామూలే. పైగా పెళ్ళికాని పిల్లలకు మనవాళ్ళు పొట్ట మీదే స్కాన్ తీస్తారు. లీటరు నీళ్లు తాగించి, ఉచ్చ ఆపుకొని డయాగ్నస్టిక్ సెంటర్ కుర్చీలో అరగంట కూర్చోబెట్టి తీసే ఆ స్కాన్‌లో బుడగలు సరిగ్గా లెక్కపెట్టడం కుదరదు. అండాశయం ఎంత పెద్దగా ఉందో కొలవచ్చు, అంతే.

ఇంతకీ అవి బుడగలూ కావు, గడ్డలూ కావు. 1935లో చికాగోలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళలో అండాశయాలు ఉబ్బి ఉండటం చూసి రాశారు. అప్పటినుంచీ కళ్ళకు కనిపించిన దాని పేరే రోగానికీ అంటుకుపోయింది: పాలీసిస్టిక్ ఓవరీ, అంటే చాలా బుడగలున్న అండాశయం. స్కాన్‌లో నల్లగా ముత్యాల పేరులా కనిపించేవి చిన్న చిన్న అండపు సంచులు. ప్రతి ఆడపిల్లకూ ఉంటాయి. నెలనెలా ఒక గుంపు ఎదగడం మొదలుపెడితే అందులో ఒకటి ముందుకు దూసుకెళ్ళి, పగిలి, అండం బయటికి రావాలి. నీలో అన్నీ సగం దారిలో, 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర, ఆగిపోయాయి. కాబట్టి "కరుగుతాయా" అన్న ప్రశ్నే లేదు. కరిగించాల్సినవి కావవి. ఇంకో మాట. పీసీఓడీ తేలిక, పీసీఓఎస్ పెద్ద రోగం అని వీడియోల్లో చెప్తుంటారు. రెండూ ఒకటే, మన దగ్గర డి అలవాటు, బయట ఎస్ అలవాటు.

ఎందుకు ఆగిపోయాయి? ఇక్కడే అసలు సంగతి ఉంది. చాలామందిలో మూలం ఇన్సులిన్ దగ్గర. ఇంట్లో ఒకరికి చెవుడు ఉంటే వాళ్ళకు వినపడాలని మిగతావాళ్ళు గట్టిగా అరుస్తారు చూడు. కండకు, కాలేయానికి ఇన్సులిన్ మాట సరిగ్గా వినపడటం లేదు. క్లోమం గొంతు పెంచి ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. కానీ అండాశయానికి చెవుడు లేదు. ఆ అరుపంతా దాని చెవిన పడుతుంది, అది రెచ్చిపోయి మగ హార్మోన్ ఎక్కువ చేస్తుంది. అదే సమయంలో ఆ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను కాలేయం తక్కువ చేస్తుంది, దాంతో రక్తంలో అది విచ్చలవిడిగా తిరుగుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, తల ముందు భాగంలో జుట్టు పలచబడటం, అండం విడుదల కాకపోవడం, అన్నీ ఆ గొలుసులోవే. అద్దంలో మెడ వెనక చూసుకో. మురికి అనుకుని స్క్రబ్బర్‌తో రుద్దినా పోని నలుపు, మందంగా, వెల్వెట్ లాగా ఉంటే అది మురికి కాదు, ఎక్కువైన ఇన్సులిన్ చర్మం మీద వేసిన ముద్ర.

సన్నగా ఉన్నవాళ్ళకు కూడా ఇది వస్తుంది, అందుకని "నువ్వు లావు కాబట్టే" అని నేను ఎవరినీ అనను. మన జాతి శరీరాలు తక్కువ బరువుకే పొట్ట దగ్గర కొవ్వు పెడతాయి. అందుకే మనకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క, ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. నీ బీఎంఐ 29. తగ్గించుకుంటే మేలు, కానీ పెళ్ళిచూపులకు తగ్గాలనుకునే 15 కిలోలు నాకు అక్కర్లేదు. 5 శాతం చాలు, అంటే మూడున్నర, నాలుగు కిలోలు. అంతకే డేట్ మళ్ళీ గాడిలో పడినవాళ్ళను లెక్కలేనంత మందిని చూశాను. 68 కిలోల దగ్గర కూడా చుట్టాలకు నువ్వు లావుగానే కనిపిస్తావు, అది వాళ్ళ సమస్య.

ఇప్పుడు అందరూ మర్చిపోయే ముక్క. అండం రాకపోతే గర్భసంచి పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారవదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కటే ఆ లోపలి పొరను పెంచుకుంటూ పోతుంది, అలికిన దాని మీదే మళ్ళీ మళ్ళీ అలికినట్టు. నాలుగు నెలలు ఊరుకుని అయిదో నెలలో పదిహేను రోజులు బ్లీడింగ్ కావడం అందుకే. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర చెడ్డగా మారే ప్రమాదం, గర్భసంచి క్యాన్సర్ దాకా వెళ్ళే ప్రమాదం ఉంటుంది. నలభై దాటకముందే అలా వచ్చినవాళ్ళను చూశాను. "డేట్ రాకపోతే హాయిగానే ఉంది మేడమ్" అని నవ్వుతారు కొందరు, నాకు మాత్రం గుండె జారుతుంది. నియమం చిన్నది: 90 రోజులు దాటి డేట్ రాకుండా ఉండొద్దు. రాకపోతే డాక్టరు పది రోజుల ప్రొజెస్టెరాన్ రకం గోళీలు ఇస్తారు, ఆపిన కొద్ది రోజులకు బ్లీడింగ్ అవుతుంది. పెళ్ళైనవాళ్ళయితే అంతకుముందు గర్భం పరీక్ష చేసుకోవాలి. ఇది నీకు ఇప్పటికిప్పుడు అవసరం లేదు, 60 రోజులకైనా వస్తోంది కాబట్టి.

నువ్వు మానేసిన గోళీల సంగతి. డేట్ సరిచేయడానికీ, గడ్డం వెంట్రుకలకూ ఇచ్చే మందుల్లో మొదటి వరసలో ఉన్నవి అవే. అవే గర్భనిరోధక గోళీలు కూడా. ఆ మాట డాక్టరు నీకు చెప్పి ఉండాల్సింది. బహుశా మీ అమ్మ పక్కన ఉంటే చెప్పడానికి మొహమాటపడ్డారేమో, మాలో ఆ జబ్బు ఉంది. వాటితో పెద్దగా లావెక్కుతారని పరిశోధనల్లో తేలలేదు. కానీ కళ్ళముందు మెరుపులు వచ్చి తలనొప్పి పట్టేవాళ్ళకు, బీపీ ఉన్నవాళ్ళకు, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర తమకో, దగ్గరివాళ్ళకో ఉన్నవాళ్ళకు అవి పనికిరాకపోవచ్చు. ఇవన్నీ అడగకుండా రాసే డాక్టరు దగ్గర నువ్వే ఎదురు చెప్పు. వాడుతున్నన్నాళ్ళూ టైముకి వస్తుంది, మానేస్తే మళ్ళీ పాత పద్ధతే. అది మందు ఫెయిలవడం కాదు, దాని పని అంతే.

దీనికి మెట్‌ఫార్మిన్ కూడా రాస్తాం. అది షుగర్ మందు, నిజమే. నీకు షుగర్ ఉందని కాదు రాసేది, ఇందాక చెప్పిన ఇన్సులిన్ చెవుడు తగ్గించడానికి. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అన్నం మధ్యలో వేసుకుని, వారం పది రోజులకోసారి పెంచుకుంటూ పోతే కడుపులో వికారం, విరేచనాలు పెద్దగా బాధపెట్టవు. మొదటి రోజే 1000 వేసుకుని బాత్రూమ్‌లో కూర్చుని ఫోన్ చేసేవాళ్ళు నాకు ప్రతి నెలా ఉంటారు. ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గుతుంది, చూసుకోవాలి. పీసీఓడీకని అమ్మే ఇనాసిటాల్ పొడి సాచెట్ల గురించి అడగబోతావు. వాటికి ఆధారం బలహీనం, నష్టం పెద్దగా లేదు, పర్సుకు తప్ప.

"90 రోజుల్లో పీసీఓడీ మూలం నుంచి నయం" అని ప్యాకేజీ అమ్మే చోట్లు నగరంలో వీధికొకటి ఉన్నాయి. పోయినేడు ఒక పేషెంటు అలాంటి దాంట్లో అరవై వేలు కట్టి, పొడులూ జ్యూసులూ తాగి, జుట్టు రాలిపోతూ నా దగ్గరకు వచ్చింది. రోజంతా ఎనిమిది వందల కేలరీలు కూడా తినలేదు ఆ పిల్ల. ఇది నయమై పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే శరీర స్వభావం. నయం అన్నవాడి దగ్గర లేచి వచ్చెయ్.

అన్నం దగ్గరికొద్దాం. మీ ట్రైనర్‌కు నా నమస్కారాలు చెప్పు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, నిజాంపేట నుంచి అక్కడికి పోయి రావడానికే సగం రోజు పోతుందనుకో. వాళ్ళు 2024లో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. అందులో అన్నం, రొట్టెల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటొద్దన్నారు, మానేయమనలేదు. మన ఇళ్ళలో కంచం చూడు: అన్నం కొండ, పప్పు గుంట, కూర చెంచాడు. ఆ కొలతలు తారుమారు చెయ్. కూరా, ఆకుకూరా సగం కంచం, పప్పో గుడ్డో చేపో పావు, అన్నమో జొన్నరొట్టెనో పావు. జొన్నరొట్టెలో మాయేమీ లేదు, అయిదు తింటే అయిదు రొట్టెల లెక్కే. పీసీఓడీకి ప్రత్యేకమైన డైట్ ఏదీ మిగతావాటికంటే గొప్పదని తేలలేదు. నువ్వు రెండేళ్ళు విసుగు లేకుండా తినగలిగేదే నీ డైట్.

అసలు మీ ఆఫీసు పిల్లల దగ్గర నేను చూసేది అన్నం కాదు. షిఫ్టులో నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, అక్కడికే ముప్ఫై అయిదు, నలభై గ్రాములు. ఇరానీ హోటల్ దగ్గర ఆగితే రెండు ఉస్మానియా బిస్కట్లు. రాత్రి రెండింటికి ఆర్డర్ పెట్టిన బిర్యానీ, పొద్దున ఏడింటికి క్యాబ్ దిగి పడక. బిర్యానీ తినొద్దనను, హైదరాబాద్‌లో ఉండి ఆ మాట అంటే ఎవరూ వినరు. పగటిపూట ఆదివారం తిను, సగం తిను, ముక్కలు ఎక్కువ తిను. నైట్ షిఫ్ట్ వారంలో భోజనం షిఫ్టుకు ముందే ఇంట్లో చేసి, మధ్యలో ఉడికించిన శనగలో, గుడ్లో, పెసరట్టో దగ్గర పెట్టుకో. షిఫ్టు మార్చమని అడిగే వీలుంటే అడుగు, నిద్ర చెడితే ఇన్సులిన్ చెవుడు ఇంకా పెరుగుతుంది. గురక పెడతావని రూమ్మేట్ అంటే అది కూడా డాక్టరుకు చెప్పు.

వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు, అందులో రెండు రోజులు బరువులు. బరువులెత్తితే మగాళ్ళలా అవుతామని భయపడకు. చక్కెరను ఎక్కువగా మింగేది కండ, అది పెరిగితే ఇన్సులిన్ అరవక్కర్లేదు. పార్కు దొరకలేదు, ట్రాఫిక్ అని సాకులు చెప్తారు కానీ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అరగంట గబగబా నడిస్తే అదీ నడకే. వేగం ఎంత ఉండాలంటే, ఫోన్లో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

వెంట్రుకల గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు. మే నెలలో ఒకమ్మాయి వచ్చింది, స్కూటీ మీద ఎండకు కట్టుకునే చున్నీ మొహానికి చుట్టుకుని. ఏసీ గదిలో పావుగంట కూర్చున్నా విప్పలేదు. పిల్లలు పుడతారా అని వాళ్ళమ్మ అడుగుతోంది, ఈ పిల్ల నేల చూస్తోంది. అమ్మను బయట కూర్చోమన్నాక చున్నీ విప్పి ఏడ్చింది. "క్యాంటీన్‌లో ఎవరి ఎదురుగా కూర్చోను మేడమ్, లైటు పడుతుంది" అంది. ఆ రోజు నేను రాసిన మందులకన్నా ఆ పది నిమిషాలే ఎక్కువ పనిచేశాయి. ఈ సమస్య ఉన్నవాళ్ళలో దిగులు, ఆందోళన మామూలుకన్నా ఎక్కువ, అది బలహీనత కాదు. నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా దాన్ని కూడా జబ్బులో భాగంగానే డాక్టరుకు చెప్పాలి.

త్రెడింగ్‌తో వెంట్రుకలు ముదరవు, అది అపోహ. మందుల ఫలితం వెంట్రుకల్లో కనిపించడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది, మూడో నెలలో మానేయొద్దు. లేజర్ చేయించుకోవచ్చు, మన చామనఛాయ చర్మానికి తగిన మెషీన్ ఉందా అని అడిగి. హార్మోన్ అదుపు లేకుండా లేజర్ మాత్రమే చేయిస్తే కొత్తవి వస్తూనే ఉంటాయి, ప్యాకేజీ మీద ప్యాకేజీ. ఒకటి మాత్రం గుర్తుంచుకో: రెండు మూడు నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగి, గొంతు బొంగురు పోతే అది పీసీఓడీ అనుకుని కూర్చోకూడదు, వెంటనే చూపించుకోవాలి.

పిల్లలు పుడతారా? పుడతారమ్మా. అండం ఆలస్యంగా వస్తోంది, లేకుండా పోలేదు. చాలామందికి మందు కూడా అక్కర్లేదు. అవసరమైతే అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ అని అయిదు రోజులు వేసుకునే మాత్ర ఉంది. దాని చరిత్ర విచిత్రం. మన దేశంలో 2011లో పిల్లలు పుట్టడం కోసం దాన్ని వాడొద్దని నిషేధించారు. 2014లో అమెరికాలో 750 మంది మీద పాత మందు క్లోమిఫెన్‌తో పోల్చి చూస్తే, బిడ్డను ఎత్తుకున్నవాళ్ళు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫెన్‌తో 19.1 శాతం. ఇక్కడ మాత్రం 2017 దాకా నిషేధం ఎత్తలేదు. ఆ ఏళ్ళలో మంచి మందు కళ్ళముందున్నా రాయలేక మేం పడ్డ చిరాకు ఇంతా అంతా కాదు. ఇప్పుడు మొదటి వరస మందు అదే. నేరుగా ఐవీఎఫ్ అనేవాళ్ళుంటే, లెట్రోజోల్ ఎన్ని నెలలు వాడాం అని అడుగు. గర్భం వచ్చాక షుగర్, బీపీ వచ్చే అవకాశం నీకు మామూలుకన్నా ఎక్కువ, కాబట్టి మొదటి చెకప్‌లోనే పీసీఓడీ ఉందని చెప్పాలి. డేట్ సక్రమంగా రాదు కాబట్టి గర్భం రాదులే అనుకుని జాగ్రత్త లేకుండా ఉండటం మరో పొరపాటు. అండం ఏ నెల వస్తుందో దానికే తెలియదు.

పెళ్ళితో సర్దుకోవడం అన్నది అమ్మ ఆశ, అంతే. అబ్బాయికి చెప్పాలా అంటే, నా మటుకు నేను చెప్పమంటాను, కానీ ఫైలు చేతికిచ్చి కాదు, పెద్దల సమక్షంలోనూ కాదు. మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు, మా నాన్నకు బీపీ ఉంది అన్నంత మామూలుగా: "నాకు పీసీఓడీ ఉంది, డేట్ ఆలస్యమవుతుంది, చూపించుకుంటున్నాను." అతని మొహం చూస్తే నీకు కావాల్సింది తెలిసిపోతుంది. వాళ్ళమ్మ "మా వాడికి వారసుడు..." అని మొదలుపెడితే ఆ సంబంధం ఎందుకో నువ్వే ఆలోచించు.

ఇక పరీక్షలు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్, టెస్టోస్టెరాన్, పొద్దున పూట 17 ఓహెచ్ ప్రొజెస్టెరాన్, కొలెస్ట్రాల్, బీపీ, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష. ఫాస్టింగ్ ఇన్సులిన్, ఎల్‌హెచ్ ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తి, ఇంకో స్కాన్, ఈ మూడూ ప్యాకేజీలో ఉంటే కొట్టేయించు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావేమో, అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపిస్తాయి, రెండు మూడు రోజుల ముందే ఆపు. హార్మోన్ గోళీలు మళ్ళీ మొదలుపెట్టేలోపే టెస్టోస్టెరాన్ చేయించు, వాడుతుంటే ఆ అంకెకు అర్థం ఉండదు. గ్లూకోజ్ పరీక్షకు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రావాలి, నైట్ షిఫ్ట్ దిగి నేరుగా రాకు, సెలవు రోజు పెట్టుకో. రెండు గంటలు అక్కడే కూర్చోవాలి, మధ్యలో టీ కూడా కుదరదు. ఆ రెండు గంటల్లో ఫోన్ తీసి పోయిన ఏడాది డేట్లన్నీ గుర్తున్నంత వరకు రాసిపెట్టు, డాక్టరు గదిలోకి వెళ్ళగానే ముందు అది చూపించు.